పెళ్లి వీడియో ఎక్స్‌పోర్ట్: మాస్టర్ నుంచి పెన్‌డ్రైవ్, యూట్యూబ్, రీల్స్ దాకా ఏ సెట్టింగ్ ఎందుకు

రెండున్నర గంటల పెళ్లి వీడియోను ఎంత శ్రద్ధగా ఎడిట్ చేసినా, పెళ్లివారి టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టగానే ఫైలు తెరుచుకోకపోతే ఆ కష్టమంతా ఎవరికీ కనబడదు. తలంబ్రాల దగ్గర బొమ్మ గడులు గడులుగా పగిలినా, డాలస్‌లో ఉన్న మేనత్తకు యూట్యూబ్ లింకులో పట్టుచీర రంగు వెలిసినట్టు కనిపించినా అంతే. ఇవన్నీ చివరి అరగంటలో, ఎక్స్‌పోర్ట్ సెట్టింగుల దగ్గర పుట్టే సమస్యలు. ఏ ఆప్షన్ ఏం చేస్తుందో తెలిస్తే వీటిలో చాలావాటిని రెండర్‌కు (ఎడిట్ చేసినదాన్ని ఫైలుగా తయారుచేయడానికి) ముందే ఆపేయొచ్చు.

ఇక్కడ వివరాలన్నీ డావించీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఆధారంగా ఇచ్చాం. దాని ఉచిత వెర్షన్‌లోనే 3840×2160 సైజు, సెకనుకు 60 ఫ్రేముల దాకా ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. పెళ్లి పనికి అది చాలు. మరో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రోలో పద్ధతి తేడాగా ఉన్నచోట ఆ సంగతీ చెప్పాం. వెర్షన్‌ను బట్టి బటన్ల చోటు కాస్త అటూ ఇటూ మారుతుంది గానీ సూత్రం మారదు.

ఫైలు ఎక్కడ ఆడుతుందో ముందు రాసుకోండి

ఒకే ఫైలు చేసి అన్నిచోట్లా వాడేద్దాం అనుకోవడం దగ్గరే తప్పు మొదలవుతుంది. ఒక పెళ్లికి మామూలుగా అయిదు రకాల ఫైళ్లు కావాలి: మన దగ్గర దాచుకునే మాస్టర్, టీవీలో చూసుకోడానికి పెన్‌డ్రైవ్ కాపీ, యూట్యూబ్ అప్‌లోడ్, రీల్స్ కోసం నిలువు ముక్కలు, వాట్సాప్‌లో పంపే చిన్న ఫైలు. ఒక్కోదానికి ఒక్కో పరిమితి ఉంది. టీవీకి కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి) పరిమితి, పెన్‌డ్రైవ్‌కు ఫైలు సైజు పరిమితి. యూట్యూబ్ మనం ఏమిచ్చినా మళ్లీ కుదిస్తుంది. వాట్సాప్ ఇంకా గట్టిగా కుదిస్తుంది.

ఫైలు పేరు చివర ఎంపీ4 అని ఉన్నంత మాత్రాన టీవీలో ఆడుతుందన్న భరోసా లేదు. ఎంపీ4, ఎంఓవీ, ఎంకేవీ అనేవి పైకవర్లు మాత్రమే. లోపల వీడియోను ఏ పద్ధతిలో కుదించారన్నది కోడెక్ చెబుతుంది. పెళ్లి పనిలో మీకు తగిలేవి మూడు రకాలు. హెచ్.264 పాత టీవీ నుంచి కొత్త ఫోన్ దాకా అన్నిట్లో ఆడుతుంది. హెచ్.265 అదే నాణ్యతను ఇంకా తక్కువ సైజులో ఇస్తుంది, కానీ పాత ఫుల్ హెచ్‌డీ టీవీలు చాలావరకు దాన్ని చదవలేవు. ప్రోరెస్, డీఎన్ఎక్స్‌హెచ్‌ఆర్ ఎడిటింగ్ కోసం, మాస్టర్ కోసం పుట్టినవి. సైజు భారీగా ఉంటుంది, మళ్లీ కుదించినా నాణ్యత పెద్దగా చెడదు. ఎవరి చేతికిచ్చే ఫైలైనా ఎదుటివాళ్ల టీవీ సంగతి తెలియనప్పుడు హెచ్.264 తప్ప వేరే ఆలోచన పెట్టుకోవద్దు.

రెండర్‌కు ముందు టైమ్‌లైన్‌లో చూసుకోవాల్సినవి

1. టైమ్‌లైన్ (క్లిప్పులను వరుసగా పేర్చే పట్టీ) చివరికి వెళ్లి చూడండి. ఎక్కడో దూరంగా ఒక చిన్న ఆడియో ముక్కో, టైటిలో మిగిలిపోయి ఉంటే రెండర్ అక్కడి దాకా సాగుతుంది. రెండున్నర గంటల వీడియో వెనక నలభై నిమిషాల నల్లతెర వచ్చేది ఇందుకే.

2. ఫ్రేమ్‌రేట్ చూసుకోండి. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మండపం లైట్ల కింద 25 లేదా 50 ఫ్రేముల్లో తీస్తే మినుకుమినుకు తగ్గుతుంది. పెళ్లి కెమెరాలు ఎక్కువగా 25 మీద ఉండేదీ అందుకే. టైమ్‌లైన్ 25 అయితే ఎక్స్‌పోర్ట్ కూడా 25 ఉండాలి. "యూట్యూబ్‌కు 30 బాగుంటుంది" అని మార్చితే ప్రతి సెకనులో అయిదు ఫ్రేములు రెట్టింపై, కెమెరా అటూ ఇటూ తిరిగినప్పుడు బొమ్మ కుదుపులు పడుతుంది. 50 ఫ్రేముల్లో తీసిన షాట్లను 25 టైమ్‌లైన్‌లో సగం స్పీడుకు వేసుకుంటే స్లోమోషన్ శుభ్రంగా వస్తుంది.

3. బంధువులు ఫోన్‌లో తీసి ఇచ్చిన క్లిప్పులు ఉంటే రెండు విషయాలు. ఒకటి, ఫోన్లు చాలావరకు నిలకడలేని ఫ్రేమ్‌రేట్‌తో రికార్డు చేస్తాయి. పొడవైన క్లిప్పులో మాటకీ పెదవులకీ పొంతన క్రమంగా తప్పిపోతుంది. అలాంటి క్లిప్పును హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో వేసి, వీడియో ట్యాబ్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ ఎంచుకుని మార్చి, ఆ తర్వాతే టైమ్‌లైన్‌లోకి తెచ్చుకోండి. రెండు, ఐఫోన్ హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను ఎక్కువగా పట్టే) క్లిప్పులు మామూలు టైమ్‌లైన్‌లో తెల్లగా మాడిపోయినట్టు కనిపిస్తాయి. వాటికి కలర్ స్పేస్ ట్రాన్స్‌ఫార్మ్ ఎఫెక్ట్ వేసి, ఇన్‌పుట్‌లో రెక్.2020, హెచ్‌ఎల్‌జీ అని, ఔట్‌పుట్‌లో మామూలు టీవీ రంగుల ప్రమాణమైన రెక్.709 అని పెట్టాలి. ఎక్స్‌పోర్ట్‌లో ఏ ట్యాగ్ మార్చినా ఈ పని జరగదు.

4. మీడియా ఆఫ్‌లైన్ అని ఎర్రటి తెర ఎక్కడైనా ఉందేమో టైమ్‌లైన్ మొత్తం ఒకసారి వేగంగా తిప్పి చూడండి. ఎక్స్‌టర్నల్ డ్రైవ్ వైరు కాస్త కదిలినా ఇది వస్తుంది.

5. ఆడియో. గట్టిమేళం మోగే చోట మీటర్ చూడాలి. మంత్రాలు, మాటలు వినిపించే స్థాయిలో మిక్స్ చేసిన టైమ్‌లైన్‌లో డోలు, నాదస్వరం ఒక్కసారిగా లేచి సున్నా డీబీ దాటేస్తాయి. ఆ క్షణమే జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ. వీడియో మొత్తంలో జనం మళ్లీ మళ్లీ చూసేది అదే. మాస్టర్ బస్ (అన్ని ఆడియో ట్రాకులూ కలిసే చోటు) మీద లిమిటర్ వేసి గరిష్ఠ స్థాయిని మైనస్ 1 డీబీ దగ్గర ఆపండి. మొత్తం సగటు శబ్దం మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే శబ్ద స్థాయికి కొలత) దగ్గర ఉంటే యూట్యూబ్‌లో వాల్యూమ్ తగ్గించకుండా అలాగే ఆడుతుంది. కాలర్ మైక్ శబ్దం ఎడమ స్పీకర్‌లోనే వస్తోందేమో ఇయర్‌ఫోన్‌లో వినండి. టీవీలో కన్నా ఫోన్‌లో ఈ లోపం త్వరగా బయటపడుతుంది.

డెలివర్ పేజీలో ఒక్కో ఆప్షన్

షిఫ్ట్, 8 కలిపి నొక్కితే డెలివర్ పేజీ వస్తుంది. ఎడమవైపు పైన ప్రీసెట్లు ఉంటాయి. అక్కడ కస్టమ్ ఎక్స్‌పోర్ట్ ఎంచుకోండి. ఫైలు పేరు, లొకేషన్ ఇచ్చేటప్పుడు నేరుగా పెన్‌డ్రైవ్‌లోకి రెండర్ పెట్టవద్దు. దాని రాత వేగం తక్కువ, మధ్యలో ఒక్క క్షణం ఆగినా రెండర్ చెడుతుంది. హార్డ్ డిస్కులోకి చేసి, తర్వాత కాపీ చేసుకోవాలి.

రెండర్ అన్న చోట సింగిల్ క్లిప్ ఉండాలి. ఇండివిజువల్ క్లిప్స్ ఎంచుకుంటే టైమ్‌లైన్‌లోని ప్రతి ముక్కా వేరే ఫైలై వందల ఫైళ్లు వస్తాయి.

ఫార్మాట్ ఎంపీ4, కోడెక్ హెచ్.264. దాని కింద ఎన్‌కోడర్ దగ్గర మీ కంప్యూటర్‌నూ వెర్షన్‌నూ బట్టి నేటివ్, ఎన్విడియా, ఇంటెల్ లాంటివి కనిపించవచ్చు. గ్రాఫిక్స్ కార్డు ఎన్‌కోడర్ వేగంగా ముగిస్తుంది. అయితే తక్కువ బిట్‌రేట్‌లో (సెకనుకు వాడే డేటా తక్కువైనప్పుడు) ప్రాసెసర్ చేసే ఎన్‌కోడింగ్ కాస్త శుభ్రంగా ఉంటుంది. 20 ఎంబీపీఎస్ (సెకనుకు 20 మెగాబిట్లు) దాటితే టీవీ మీద తేడా పట్టుకోవడం కష్టం. 8 దగ్గర తేడా కనిపిస్తుంది. ప్రీమియర్‌లో హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ పెట్టుకుంటే వీబీఆర్ 2 పాస్ దొరకదు. రెండుసార్లు విశ్లేషించి బిట్లు పంచే ఆ పద్ధతి కావాలంటే సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడింగ్‌కు మారాలి.

నెట్‌వర్క్ ఆప్టిమైజేషన్ టిక్ పెట్టండి. ఫైలు సూచిక మొదట్లోకి వచ్చి, ఆన్‌లైన్‌లో మొత్తం డౌన్‌లోడ్ కాకముందే ఆడటం మొదలవుతుంది. యూట్యూబ్ కూడా ఇదే అడుగుతుంది.

ఎన్‌కోడింగ్ ప్రొఫైల్ హై. కీ ఫ్రేమ్స్ ఆటోమేటిక్‌లో ఉంచవచ్చు. టీవీ రిమోట్‌తో ముందుకు దూకించినప్పుడు ఆగి ఆగి వస్తోందంటే, ప్రతి 50 ఫ్రేములకొకటి అని ఇవ్వండి. 25 ఫ్రేముల వీడియోలో రెండు సెకన్లకొక పూర్తి బొమ్మ ఉంటుంది, దూకడం తేలికవుతుంది.

అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ తెరిస్తే భయపెట్టేన్ని ఆప్షన్లు కనిపిస్తాయి. ముట్టుకోవాల్సినవి కొద్దే. డేటా లెవెల్స్ ఆటోలోనే ఉంచండి. దాన్ని ఫుల్‌కు మార్చితే కొన్ని ప్లేయర్లలో నలుపు ముద్దకట్టి, పెళ్లికొడుకు నల్ల షేర్వానీలో కుట్టుపని అంతా మాయమవుతుంది. యూజ్ ప్రాక్సీ మీడియా టిక్ తప్పనిసరిగా తీసేయాలి. అది ఉండిపోతే ఎడిటింగ్ కోసం చేసుకున్న చిన్న సైజు కాపీల నుంచే ఫైనల్ రెండర్ అవుతుంది. బిట్‌రేట్ ఎంత పెంచినా బొమ్మ మసకగానే ఉందంటే మొదట చూడాల్సింది ఇదే. యూజ్ ఆప్టిమైజ్డ్ మీడియాకూ ఇదే వర్తిస్తుంది. ఫోర్స్ సైజింగ్ టు హయ్యెస్ట్ క్వాలిటీ మాత్రం సైజు మార్చి ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు టిక్ పెట్టుకోవచ్చు.

ఆడియో ట్యాబ్‌లో కోడెక్ ఏఏసీ, 48000 హెర్ట్జ్, డేటా రేట్ 320. టీవీకిచ్చే ఎంపీ4లో లీనియర్ పీసీఎం (కుదించని ఆడియో) పెడితే బొమ్మ వచ్చి శబ్దం రాని టీవీలు ఉన్నాయి.

బిట్‌రేట్: తలంబ్రాలే కొలత

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచన పెట్టాల్సిన అంకె ఇదే. రిజాల్వ్‌లో క్వాలిటీ దగ్గర ఆటోమేటిక్ అని వదిలేయకుండా రిస్ట్రిక్ట్ టు అన్నది ఎంచుకుని అంకె ఇవ్వాలి. అక్కడి లెక్క కిలోబిట్లలో ఉంటుంది: 12 ఎంబీపీఎస్ కావాలంటే 12000.

హెచ్.264 ప్రతి ఫ్రేమునూ మొత్తంగా దాచదు. ముందు ఫ్రేముకీ దీనికీ మారినదేమిటో మాత్రమే రాసుకుంటుంది. పంతులుగారు కూర్చుని మంత్రం చదువుతుంటే మారేది పెదవులు, చేతులు అంతే, కాబట్టి 5 ఎంబీపీఎస్ కూడా ఎక్కువే. తలంబ్రాలు మొదలవగానే లెక్క తలకిందులవుతుంది. వేల బియ్యపు గింజలు, రంగు పూసలు, పూలరేకులు ఒక్కోటి ఒక్కో దిక్కుకి ఎగురుతాయి. ఏ గింజా తర్వాతి ఫ్రేములో ఉన్నచోట ఉండదు, కాబట్టి ఎన్‌కోడర్‌కు పోల్చుకోడానికి ఏమీ దొరకదు. దానికి తోడు స్టిల్ ఫోటోగ్రాఫర్ ఫ్లాష్ కొట్టినప్పుడల్లా ఫ్రేము మొత్తం ఒక్కసారి తెల్లబడుతుంది, అదీ కొత్త బొమ్మ కిందే లెక్క. ఇచ్చిన బిట్లు చాలక మొహాల మీద గడులు పడతాయి, జరీ అంచు మెత్తబడి పసుపు పట్టీలా మిగులుతుంది.

అందుకే బిట్‌రేట్ పరీక్ష ప్రశాంతమైన షాట్ మీద చేయకూడదు. ఇలా చేయండి:

1. తలంబ్రాలు జోరుగా సాగే 20 సెకన్లను ఎంచుకుని, మొదట ఐ, చివర ఓ నొక్కి హద్దులు పెట్టండి. టైమ్‌లైన్ పైన రెండర్ దగ్గర ఇన్/ఔట్ రేంజ్ అని ఉండాలి.

2. బిట్‌రేట్ 8000 ఇచ్చి యాడ్ టు రెండర్ క్యూ నొక్కండి. 12000తో ఒకటి, 20000తో ఇంకొకటి అలాగే చేర్చండి. ఫైలు పేరులో అంకె రాసుకోండి, లేకపోతే తర్వాత ఏది ఏదో తెలియదు.

3. మూడింటినీ పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీ మీద, మామూలుగా కూర్చునే దూరం నుంచి చూడండి. కంప్యూటర్ మానిటర్‌కు ముక్కు ఆనించి చూస్తే ఏదీ నచ్చదు.

4. గింజలు ఎక్కువగా ఉన్న క్షణంలో పాజ్ చేసి వధూవరుల కళ్లు, నగల అంచులు చూడండి. గడులు కనబడని వాటిలో తక్కువ బిట్‌రేట్ ఏదో అదే మీ అంకె.

ఫుల్ హెచ్‌డీ, 25 ఫ్రేముల వీడియోకు ఈ పరీక్ష చాలాసార్లు 12, 16 మధ్య తేలుతుంది. సాయంత్రం రిసెప్షన్‌లో పొగ, రంగు లైట్లు ఎక్కువుంటే 20 దాకా పోవచ్చు. పొగలో రంగులు పట్టీలు పట్టీలుగా విడిపోవడం మాత్రం వేరే సమస్య. అది 8 బిట్ రంగు లోతు వల్ల వచ్చేది, బిట్‌రేట్ పెంచితే కొంతే తగ్గుతుంది.

సైజు లెక్క సులువు. ఎంబీపీఎస్‌ను సెకన్లతో గుణించి 8తో భాగిస్తే ఎంబీలు వస్తాయి. రెండున్నర గంటలంటే 9000 సెకన్లు. వీడియో 12, ఆడియో 0.32, మొత్తం 12.32 అనుకుంటే దాదాపు 13.9 జీబీ. అదే 20 పెడితే 22.9 జీబీ. ఈ లెక్క ముందే చేసుకుంటే 16 జీబీ పెన్‌డ్రైవ్ కొని తర్వాత నాలుక కరుచుకునే పని ఉండదు.

మాస్టర్

అన్నిటికన్నా ముందు మాస్టర్ రెండర్ చేసి, మిగతావన్నీ దాన్నుంచే తీయడం మంచి పద్ధతి. కలర్, టైటిళ్లు, ట్రాన్సిషన్లు అన్నీ ఒక్కసారే లెక్క కట్టబడతాయి. మాస్టర్ నుంచి తీసే కాపీలు చాలా వేగంగా అవుతాయి.

అయిదు నిమిషాల హైలైట్స్‌కు మ్యాక్‌లో ప్రోరెస్ 422, విండోస్‌లో డీఎన్ఎక్స్‌హెచ్‌ఆర్ హెచ్‌క్యూ ఎంచుకోండి. ఫార్మాట్ క్విక్‌టైమ్, ఆడియో లీనియర్ పీసీఎం. ఫుల్ హెచ్‌డీ 25 ఫ్రేములకు ప్రోరెస్ 422 సుమారు 122 ఎంబీపీఎస్ తీసుకుంటుంది, అంటే అయిదు నిమిషాలకు 4.6 జీబీ. దాచుకోవచ్చు. రెండున్నర గంటల పూర్తి వీడియోకు అదే పెడితే 137 జీబీ. సీజన్‌లో ముప్పై పెళ్లిళ్లు చేసే స్టూడియోకు అది మోయలేని బరువు. పూర్తి వీడియోకు హెచ్.264లో 50 ఎంబీపీఎస్ మాస్టర్ సరిపోతుంది. 56 జీబీ అవుతుంది, దాన్నుంచి మళ్లీ కుదించినా టీవీ మీద నష్టం కనిపించదు.

పెన్‌డ్రైవ్ కాపీ

ఇక్కడ అడ్డుపడేది ఫ్యాట్32, అంటే డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే ఒక పద్ధతి. ఈ ఫార్మాట్‌లో ఉన్న డ్రైవ్‌లో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చితే ఆ పరిమితి పోతుంది గానీ పాత టీవీలు కొన్ని ఎక్స్‌ఫ్యాట్ డ్రైవ్‌ను అసలు గుర్తించవు. పెళ్లివారి టీవీ ఒకటే కాదు, అమ్మమ్మగారింటి టీవీలోనూ, ఊళ్లో పెదనాన్నగారింటి టీవీలోనూ అదే డ్రైవ్ తిరుగుతుంది. కాబట్టి ఫ్యాట్32లోనే ఉంచి, వీడియోను ముక్కలు చేసి ఇవ్వడం అన్నిటికన్నా క్షేమం.

12.32 ఎంబీపీఎస్ దగ్గర 4 జీబీలో సుమారు 46 నిమిషాలు పడుతుంది. నిజమైన సైజు లెక్కకన్నా కాస్త పెరగొచ్చు కాబట్టి ఏ ముక్కా 40 నిమిషాలు దాటకుండా చూసుకోండి. గుడ్డిగా 40 నిమిషాలకోసారి కోసేయకుండా తంతును బట్టి విడదీయండి: పెళ్లికూతురిని చేయడం, స్నాతకం, ఎదురుకోలు, ముహూర్తం, తలంబ్రాల నుంచి అప్పగింతల దాకా, వ్రతం, రిసెప్షన్. చూసేవాళ్లకు కావాల్సిన ఘట్టం వెంటనే దొరుకుతుంది కూడా. ఫైళ్ల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో, ముందు 01, 02 అంకెలతో ఉండాలి. తెలుగు లిపిలో పేరు పెడితే చాలా టీవీల మెనూలో డబ్బాలు కనిపిస్తాయి, వరుసా తప్పుతుంది.

సెట్టింగులు: ఎంపీ4, హెచ్.264, హై ప్రొఫైల్, 1920×1080, 25 ఫ్రేములు, 12000, ఏఏసీ స్టీరియో 320. ప్రీమియర్‌లో లెవెల్ అడుగుతుంది, 4.1 ఇవ్వండి. 50 ఫ్రేముల వీడియో అయితే 4.2 కావాలి. ఫోర్‌కే కావాలని పట్టుబట్టిన వాళ్లకు వేరే డ్రైవ్‌లో, ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో, హెచ్.265లో 30000తో ఇచ్చి, అది ఫోర్‌కే టీవీకి మాత్రమే అని డ్రైవ్ మీద రాసివ్వండి.

కాపీ పూర్తయ్యాక ఎజెక్ట్ చేయకుండా లాగేస్తే చివరి ఫైలు సగమే రాసి ఉండొచ్చు. ప్రతి ఫైలునూ టీవీలో తెరిచి చివరి నిమిషానికి దూకించి చూడటం అయిదు నిమిషాల పని.

యూట్యూబ్

ఫుల్ హెచ్‌డీ, 24 నుంచి 30 ఫ్రేముల వీడియోకు యూట్యూబ్ సూచించే అప్‌లోడ్ బిట్‌రేట్ 8 ఎంబీపీఎస్. 50, 60 ఫ్రేములకు 12. ఫోర్‌కేకు 35 నుంచి 45. ఇవి ఆడటానికి సరిపడే అంకెలు. యూట్యూబ్ మళ్లీ కుదిస్తుంది కాబట్టి దానికి శుభ్రమైన సరుకు ఇవ్వాలి. ఫుల్ హెచ్‌డీకి 16 నుంచి 20 ఇవ్వండి. అంతకన్నా పెంచితే అప్‌లోడ్ సమయమే పెరుగుతుంది.

హైలైట్స్‌కు ఒక మెరుగైన దారి ఉంది. చిన్న చానళ్లలో ఫుల్ హెచ్‌డీ వీడియోలకు యూట్యూబ్ చాలాసార్లు తక్కువ బిట్‌రేట్ హెచ్.264తోనే సరిపెడుతుంది. 2560×1440 లేదా ఆపైన ఇస్తే వీపీ9 అనే మెరుగైన కోడెక్ వాడుతుంది, బొమ్మ స్పష్టంగా తేరుకుంటుంది. 1080 టైమ్‌లైన్‌నే డెలివర్ పేజీలో 2560×1440కి మార్చి, 24000 బిట్‌రేట్, ఫోర్స్ సైజింగ్ టిక్‌తో ఎక్స్‌పోర్ట్ చేయండి. అప్‌లోడ్ అయ్యాక వీడియో మీద రైట్ క్లిక్ చేసి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ తెరిస్తే కోడెక్ వరుసలో వీపీ09 (వీపీ9) అనో ఏవీసీ1 (హెచ్.264) అనో కనిపిస్తుంది. పూర్తి వీడియోకు ఈ పద్ధతి బరువు. 27 జీబీ అవుతుంది, సెకనుకు 40 మెగాబిట్ల అప్‌లోడ్ లైనులో కూడా గంటన్నర పడుతుంది.

అప్‌లోడ్ అవగానే లింకు పంపేయవద్దు. మొదట తక్కువ నాణ్యత కాపీ మాత్రమే సిద్ధమవుతుంది. హెచ్‌డీ, ఆపై సైజులు తయారవడానికి పొడవును బట్టి గంటలు పడుతుంది. ఈలోగా చూసినవాళ్లు "బ్లర్‌గా ఉంది" అని ఫోన్ చేస్తారు. సెట్టింగ్స్ గుర్తులో 1080 కనిపించాకే పంపండి. అన్‌లిస్టెడ్‌లో పెట్టినా సినిమా పాటలకు కాపీరైట్ క్లెయిమ్ తప్పదు, కొన్ని పాటలకు వీడియో బ్లాక్ అవుతుంది. అప్‌లోడ్ సమయంలో వచ్చే చెక్స్ పేజీ ఆ సంగతి ముందే చెబుతుంది. మీ చానల్ ఫోన్ నంబరుతో వెరిఫై అయి ఉండకపోతే 15 నిమిషాలు దాటిన వీడియో ఎక్కదు.

రీల్స్, వాట్సాప్

రీల్స్‌కు డెలివర్ పేజీలో సైజు తిప్పేస్తే చాలదు. 1080×1920తో వేరే టైమ్‌లైన్ చేసి, ఒక్కో షాట్‌లో మనుషుల్ని మధ్యలోకి జరుపుకోవాలి. కింద పేరు, క్యాప్షన్, కుడివైపు లైక్ గుర్తులు వస్తాయి కాబట్టి అక్కడ అక్షరాలు పెట్టవద్దు. ఎంపీ4, హెచ్.264, 12000 చాలు. ఆ ఫైలును ఫోన్‌లోకి వాట్సాప్ ద్వారా పంపుకుంటే అక్కడే నాణ్యత పోతుంది. కేబుల్, క్విక్ షేర్, డ్రైవ్ ఏదో ఒకటి వాడండి. ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగుల్లో మీడియా క్వాలిటీలోకి వెళ్లి, హయ్యెస్ట్ క్వాలిటీలో అప్‌లోడ్ చేయాలన్న స్విచ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి.

వాట్సాప్‌లో వీడియోగా పంపితే మళ్లీ కుదింపు తప్పదు. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది, 2 జీబీ దాకా కుదురుతుంది. అయిదు నిమిషాల హైలైట్స్‌ను 1080లో 6000తో చేస్తే సుమారు 235 ఎంబీ. డాక్యుమెంట్‌గా పంపడానికి అది సరైన సైజు.

తెలుగు అక్షరాలు

శుభలేఖ టైటిళ్లలో ఒత్తులు విడిపోవడం, గుణింతాలు పక్కకు జరగడం ఎక్స్‌పోర్ట్ తప్పు అనుకుంటారు గానీ అది టెక్స్ట్ ఇంజిన్ తప్పు. ప్రీమియర్‌లో ప్రిఫరెన్సెస్, గ్రాఫిక్స్‌లోకి వెళ్లి సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్ ఎంచుకుని, టైటిల్ కొత్తగా చేయాలి. అను ఫాంట్లు యూనికోడ్ కావు కాబట్టి టైటిళ్లలో ఎక్కడైనా సరిగ్గానే కనిపిస్తాయి, కానీ సబ్‌టైటిల్ ఫైలుకు పనికిరావు. ఎస్‌ఆర్‌టీ ఫైలు యూనికోడ్‌లో టైపు చేసి, సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 ఎంచుకోవాలి. లేకపోతే అక్షరాల చోట ప్రశ్నార్థకాలు వస్తాయి. పెన్‌డ్రైవ్ కాపీకి మాత్రం తెలుగు సబ్‌టైటిళ్లను బొమ్మ మీదే అచ్చేయడం మేలు. రిజాల్వ్‌లో సబ్‌టైటిల్ సెట్టింగ్స్‌లో బర్న్ ఇంటూ వీడియో అన్నది అదే. టీవీలో తెలుగు ఫాంట్ ఉంటుందన్న నమ్మకం లేదు.

రెండర్ ఆగినా, రంగు మారినా

జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) మెమరీ ఫుల్ అని ఒకే ఫ్రేము దగ్గర ఆగుతుంటే ఆ క్లిప్పు మీద ఉన్న ఎఫెక్టులే కారణం. వెనక తెరిచి ఉన్న బ్రౌజర్, ఇతర సాఫ్ట్‌వేర్లు మూసి మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ ఆగితే ఆ ఒక్క క్లిప్పును రెండర్ ఇన్ ప్లేస్ ఆప్షన్‌తో ముందే విడిగా రెండర్ చేసి, మిగతాది కొనసాగించండి. ఫోర్‌కే క్లిప్పులు ఉన్నా ఇచ్చేది ఫుల్ హెచ్‌డీ అయితే టైమ్‌లైన్‌ను 1080కి తగ్గించడం కూడా పనిచేస్తుంది. ప్రతిసారీ వేరే ఫ్రేము దగ్గర ఆగుతుంటే డిస్కులో ఖాళీ, ఎక్స్‌టర్నల్ డ్రైవ్ వైరు, కంప్యూటర్ వేడి చూడాలి. ఫైలు మీద అడ్డంగా వాటర్‌మార్క్ వచ్చిందంటే రిజాల్వ్‌లో డబ్బు కట్టి కొనే స్టూడియో వెర్షన్‌కే పరిమితమైన ఎఫెక్టు ఏదో ఎక్కడో వాడారని.

మ్యాక్‌లో క్విక్‌టైమ్ ప్లేయర్‌లో రంగు వెలిసినట్టు కనిపిస్తే కంగారుపడి గ్రేడింగ్ (రంగుల దిద్దుబాటు) మార్చవద్దు. రెక్.709, గామా 2.4 ట్యాగ్ ఉన్న ఫైలును ఆపిల్ ప్లేయర్ వేరేగా చూపిస్తుంది. అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో గామా ట్యాగ్‌ను రెక్.709-ఏకి మార్చి 20 సెకన్లు రెండర్ చేసి, మ్యాక్‌లోనూ ఒక ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ టీవీలోనూ పక్కపక్కన చూడండి. మూడింట్లో రెండు సరిగ్గా ఉంటే గ్రేడింగ్ జోలికి పోనక్కర్లేదు.

రెండర్ అయిన ఫైలును మీడియాఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే కోడెక్, ప్రొఫైల్, బిట్‌రేట్, ఫ్రేమ్‌రేట్, నిడివి ఒక్క చూపులో కనిపిస్తాయి. అన్నీ కుదిరాక డెలివర్ పేజీలో మూడు చుక్కల మెనూ నుంచి సేవ్ యాజ్ న్యూ ప్రీసెట్ చేసి, "టీవీ ఫ్యాట్32 12ఎం", "యూట్యూబ్ 1440" లాంటి పేర్లు పెట్టుకోండి. తర్వాతి పెళ్లికి ఒక్కో ప్రీసెట్‌ను క్యూలో చేర్చి, రాత్రి రెండర్ ఆల్ నొక్కి పడుకోవచ్చు. అందజేశాక మాస్టర్ ఫైలు, ప్రాజెక్ట్ ఫైలు, ఎస్‌ఆర్‌టీ ఈ మూడింటినీ రెండు వేర్వేరు డిస్కుల్లో ఉంచండి. పెన్‌డ్రైవ్ పోయిందనో, కొత్త టీవీ కొన్నామనో ఏడాది తర్వాత అడిగినా, మాస్టర్ మీద ప్రీసెట్ పెట్టి గంటలోపు ఇంకో కాపీ తీసివ్వొచ్చు.